రాయి వెనక చంటిది

హాల్లో పుస్తకాల అర ఖాళీ చేసి అల్లుడు పెట్టిన గాజుతొట్టిలో నెల రోజులుగా ఉప్పునీళ్ళూ, సముద్రపు రాయీ తప్ప ఏమీ లేవు. ఇవాళ్టికీ ఒక్క ప్రాణి లేకపోతే తొట్టి తీసేసి పుస్తకాలు సర్దేస్తానని భార్య పొద్దున్నే చెప్పి వెళ్ళింది. అత్తగారు కాఫీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చుంది.

"అంత దిగులేంటి అల్లుడుగారూ?"

"నీళ్ళు తేరుకోవడం లేదండీ అత్తయ్యగారూ. ఎప్పుడు పరీక్ష చేసినా మురికి ఎక్కువనే చూపిస్తోంది. నేను వేసేది రోజుకి చిటికెడు మేతే."

"చిటికెడు ఎవరికి సరిపోతుంది?"

"కంటికి కనపడని క్రిములకండీ. అవి పెరిగితేనే నీళ్ళు చేపలకి పనికొస్తాయి. మీరేమైనా వేస్తున్నారా?"

ఆవిడ కాఫీలోకి చూసుకుంది.

"ఒక్క చెంచాడే. మధ్యాహ్నం పూట. అది ఆకలితో అద్దం దాకా పాక్కుంటూ వస్తే ఎలా ఊరుకోను?"

"ఏది?"

"గోరంత నక్షత్రం, ఐదు కాళ్ళది. మీరు లైటు ఆర్పి ఆఫీసుకెళ్ళగానే రాయి వెనకనుంచి వస్తుంది. మీరు రోజూ చూసేది దాన్నే అనుకున్నాను."

"నేను చూసేది రాయినండీ. అయితే రాయితోపాటే వచ్చేసిందన్నమాట. అత్తయ్యగారూ, మన తొట్టిలో ప్రాణం ఉంది."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆవిడా ఆపుకోలేక కాఫీ ఒలకబోసుకుంది. అంతలో తలుపు తాళం తిరిగింది.

"మీ అమ్మాయి వచ్చేసింది. ఏమని చెబుదాం?"

"చెప్పేదేముంది? ముందు లైటు ఆర్పండి. వెలుతుర్లో మా చంటిది ఎవరికీ మొహం చూపించదు."