బంతిపూల దండ మింగిన టర్బో

అధ్యక్షత వహించిన మా వర్క్‌షాపు యజమాని గౌరీశంకర్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక నిలబడి ఈలలేస్తున్న మా కుర్రాళ్ళకు, ముప్పై ఎనిమిదేళ్ళు ట్రాక్టర్లకీ చెరకు లారీలకీ ఊపిరి పోసి ఈరోజు రిటైరవుతున్న హెడ్ మెకానిక్ అల్లాఉద్దీన్ మాస్టారికి, ఆయన దగ్గరే పని నేర్చుకున్న ప్రేమ్‌కుమార్ నమస్కారాలు. నాకు ఐదు నిమిషాలిచ్చారు. నా కోపం సంగతి తెలిసినవాళ్ళు పది వేసుకోండి. (నవ్వులు)

బయట షామియానా పక్కన నీలం కారు చూశారు కదా! పాతదే, కానీ వచ్చే ఆదివారం డ్రాగ్ రేసుకి వెళ్తోంది. మలుపులుండవు, రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, పచ్చ లైటు పడగానే తిన్నగా పావు మైలు, మీరు తుమ్మి ముక్కు తుడుచుకునేలోగా అయిపోతుంది. ఇది కోటీశ్వరుల ఆట అని ఎవరు రాసిచ్చారండీ? యంత్రం శ్రమ చేసేవాడిదేనని నేను చదివిన కరపత్రాలన్నీ అన్నాయి. మరి దాని వేగం ఎవరిది? (చప్పట్లు)

ఆ కారు కోసం మొదట నేనొక విదేశీ ఆరు సిలిండర్ల ఇంజను బొమ్మ తెచ్చి బల్లమీద పరిచాను. మాస్టారు కళ్ళజోడు పైకెత్తి చూసి, "బాగుందిరా. దీని గ్యాస్కెట్టు పోతే చోడవరంలో ఎవడిస్తాడు, నీ మావా?" అన్నారు. సామాన్లు మనూళ్ళో దొరికే ఇంజనే మన ఇంజను, అదీ ఆయన లెక్క. అలా తుక్కులోకి పోతున్న కారులోంచి నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, గుద్దేసిన డీజిలు కారులోంచి టర్బో తెచ్చాం. టర్బో అంటే, ఇంజను బయటికి వదిలేసే పొగతో ఒక చక్రం తిరుగుతుంది, అదే ఇరుసుకి అటు చివరనున్న చక్రం బయటి గాలిని లాగి ఇంజన్లోకి కుక్కుతుంది. చెరకు పిప్పితోనే బాయిలరు మండించే గోవాడ చక్కెర ఫ్యాక్టరీ పక్కవాళ్ళకి ఇంతకంటే చెప్పాలా!

నాకేమో మెరిసే చక్రాలు కొనాలని. మాస్టారేమో "ముందు లోపల బలం, ఆ తర్వాతే గాలి" అని ఉన్న డబ్బంతా గట్టి పిస్టన్లకి పెట్టించి, నాలుగింటినీ కంసాలి త్రాసులో తూచి, బరువైనవాటిని గీకి గీకి సమం చేశారాయన. నేను చిరాకుపడ్డాను. మొదటిసారి స్టార్టయినప్పుడు మాత్రం గెంతింది నేనే.

తర్వాత దసరా వచ్చింది. మా షెడ్డు ఊడ్చే చిన్నతల్లి పిన్ని ఇరవయ్యేళ్ళుగా ఆయుధపూజకి ప్రతి యంత్రానికీ బంతిపూల దండ వేస్తుంది. టర్బో గాలి లాగే గొట్టానికీ వేసింది. నేను తాళం తిప్పాను. టర్బో పూలూ, దారమూ మొత్తం లాగేసుకుంది! చక్రం రెక్కలు వంగిపోయాయి, ఆ నెల రేసు పోయింది. అందరికంటే గట్టిగా అరిచింది నేనే: "బుద్ధుందేటి పిన్నీ? ఇంజనుకి దండేటి?" మర్నాడు గౌరీశంకర్ గారు ఆవిణ్ణి పనిలోంచి మాన్పించారు.

పెద్దలారా, గాలి గొట్టానికి ఫిల్టరు ఉండాలి. ఉంటే దండ ఏమీ చెయ్యదు. అది తీసేస్తే జోరు పెరుగుతుందని ఏదో పుస్తకంలో చదివి, ముందురోజు మాస్టారికి చెప్పకుండా తీసేసింది నేను. నేనలా అరుస్తున్నప్పుడు ఆ ఫిల్టరు నా సంచిలోనే ఉంది.

మాస్టారు వంగిన చక్రం మార్చి, ఫిల్టరు లేని గొట్టం చూసి నావైపు చెయ్యి చాపారు. నేను సంచిలోంచి తీసిచ్చాను. "దీన్ని నాను బిగిస్తాను. ఆవిడ దగ్గరికి నువ్వెళ్ళు" అన్నారు. ఐదు నెలలైంది. వెళ్ళలేదు. న్యాయం గురించి అన్ని కరపత్రాలు చదివినవాణ్ణి, వీధి చివరి ఇంటికి వెళ్ళలేకపోయాను.

మాస్టారి కోసం వచ్చి ఆ చివరి వరుసలో కూర్చున్నావు కదా పిన్నీ, అందరిముందూ తిట్టాను కాబట్టి అందరిముందే చెబుతున్నాను. తప్పు నాది. గౌరీశంకర్ గారూ, రేపట్నుంచి ఆవిడ పనిలోకి రావాలి. రాకపోతే నేనూ రాను! (అధ్యక్షులు తలూపారు. చప్పట్లు)

మీరు దాచిపెట్టిన నా తప్పుని మీరు వెళ్ళిపోయే రోజుదాకా మీచేతే మోయించాను మాస్టారూ, ఇక దించేస్తున్నాను. ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు బయటికి రండి. పిన్ని దండ వేస్తుంది, మాస్టారు తాళం తిప్పుతారు.

(వెనక నుంచి చిన్నతల్లి: "ముందు ఆ గొట్టానికి మూతుందో లేదో సూడు బాబూ!" పెద్దగా నవ్వులు)

ఉంది పిన్నీ! మాస్టారే బిగించేరు. ఆ ఇంజను గొంతెత్తాక నా గొంతు ఎవరికీ వినపడదు కాబట్టి, ముందే అడిగేస్తున్నాను, సెలవు.