రిబ్బను కట్టిన బండి

సేవా క్లబ్బు హాల్లో చందాల విందుకు బల్లలు సర్దుతున్నారు. వంటగది గుమ్మం దగ్గర క్లబ్బు అధ్యక్షుడు తన బావను పక్కకు పిలిచాడు.

"అక్క ఫొటో ఒకటి ఇవ్వు బావా. రెండో అంబులెన్సుకి చందాలు అడుగుతున్నాం. ఆ ముఖం చూస్తే ఎవరి మనసైనా కరుగుతుంది."

"మొదటి బండి ఉండగానే మీ అక్క పోయిందని కూడా చెప్తావా?"

"మళ్ళీ అదేనా? అప్పటికింకా ప్రారంభోత్సవం కాలేదు కదా."

"బండి ఉంది. డ్రైవరున్నాడు. మీ అక్కకి ఊపిరాడటం లేదని నీకే ఫోన్ చేశాను."

"రిబ్బను కట్టేశాం బావా. ముఖ్య అతిథి దార్లో ఉన్నాడు. కాసేపు ఆగమన్నాను, అంతేగా?"

"నేను ఆగాను. తమ్ముడు పంపిస్తాడని అది వాకిలి వైపే చూసింది. దాని ప్రాణం మాత్రం ఆగలేదు."

"మెల్లగా మాట్లాడు, అందరూ వింటున్నారు. నాకు మాత్రం అక్క కాదా? ఇంతకీ ఫొటో ఇస్తావా, ఇవ్వవా?"

"ఇస్తాను. కొత్త బండి వచ్చిన రోజు నన్నూ పిలువు."

"పిలవకుండా ఉంటానా? వేదిక మీదే కూర్చోబెడతాను."

"వేదిక నాకెందుకురా? బండి పక్కన నిలబడతాను. మీ అతిథి వచ్చేలోపు ఎవరింటి నుంచైనా ఫోనొస్తుందేమో. కత్తెర నా జేబులో ఉంటుంది."