హార్బరా, మైన్సా

హలో… ఆ, నేనే బావా. తలుపుకి ఇవతలే ఉన్నా… అరిచాను, గొంతు పోయేలా అరిచాను. కోల్డ్ స్టోరేజీ గది, జానెడు మందం తలుపు, ఎక్కడ వినిపిస్తుంది… ఫోనే నయం.

ఏమైందో నెమ్మదిగా చెప్పు… రాక్ కూలిందా… చేపల పెట్టెలన్నీ తలుపు మీదికే వచ్చాయా… అందుకే, నలుగురం లాగినా అంగుళం కదల్లేదు… నీ మీదేమీ పడలేదు కదా?… కాలు మీదా?… నొప్పిగా ఉందా?… సరే. లాక్కోకు. అలాగే ఉంచు.

మిషన్లు ఆపేశాం బావా. కానీ లోపల మైనస్ పద్దెనిమిది, ఆ చలి ఇప్పట్లో తగ్గదు. ఫ్రిజ్ మెకానిక్‌వి, నీకు నేను చెప్పాలా…

లేదు, అబద్ధం చెప్పను. ఫైర్‌వాళ్ళు వచ్చారు. తలుపు కోస్తే మిగతా పెట్టెలు నీ మీదికి దొర్లుతాయంట. వెనక గోడకి కన్నం పెడుతున్నారు… వినిపించడంలేదా?… వినిపిస్తుందిలే, కాసేపట్లో… అరగంటన్నారు.

వాళ్ళ పెద్దాయన నాకొకటే పని చెప్పాడు. మనిషిని నిద్రపోనివ్వకు, ఏదో ఒకటి మాట్లాడించు అని… అక్కకా?… చెప్పాను… తిట్టు. బయటికొచ్చాక తీరిగ్గా తిట్టు. బయల్దేరింది, వస్తోంది.

ఏం మాట్లాడాలంటే… పొద్దున టీ దగ్గర వదిలేశాం కదా, అక్కణ్ణుంచే మొదలెడదాం. మీ హార్బర్‌ని మించిన బాస్కెట్‌బాల్ టీమ్ పుట్టలేదన్నావు. నేను కాదంటున్నా. మా మైన్స్ ముందు మీవాళ్ళు ఎంత…

ఓపిక లేదా? ఓపిక లేదంటే ఓడిపోయావని రాసుకుంటా… హాఁ, చెప్పు… ఆరేళ్ళలో నాలుగు కప్పులు. సరే, కాదన్నదెవరు? నాలుగింట్లో రెండు చివరి క్షణంలో గెలిచినవే కదా. గాలివాటం. మా మైన్స్ ఈ సీజన్‌లో వరసగా ఇరవయ్యారు మ్యాచ్‌లు కొట్టింది. అదీ ఇరవై పాయింట్ల తేడాతో. దాన్నంటారు ఏలడమని.

…కప్పు కొట్టినోడే మొనగాడా? కప్పు ఒక్క వారం కథ బావా. ఏడాది పొడుగునా అందరూ భయపడేది ఎవరికి, అది చూడు…

అలా అను. మీ నిచ్చెనగాడి సంగతి నాకు చెప్పకు. అంత పొడుగు పెట్టుకుని కిందటి ఫైనల్లో పది పాయింట్లు కూడా వెయ్యలేదు… ఎంత?… ముప్పై నాలుగా?… సరే, సరే, నీకే బాగా గుర్తుంది. మరి మా బొంగరం? అతన్ని ఆపడానికి మీవాళ్ళు ముగ్గురు కావాల్సొచ్చింది…

బావా?… ఆ. ఏం లేదు, ఊపిరి వినపడకపోతేనూ… వేళ్ళు ఆడిస్తున్నావా?… చంకల్లో పెట్టుకో. ఫోను చెవికీ టోపీకీ మధ్య ఇరికించు… ఆఁ, అలాగ.

ఒక్క మాట చెప్పనా. ఆ గదిలోకి ఒంటరిగా ఎవరూ వెళ్ళకూడదని గోడ మీదే రాసుంది. నీతో రావాల్సింది నేను. ఫ్యాన్ చూడాలి రమ్మని పిలిచావు కూడా. నేనే మూతి ముడుచుకుని, మీ నిచ్చెనగాణ్ణి పిల్చుకో పో అన్నాను. నువ్వు లోపలికి వెళ్ళడం నేను ఫోర్క్‌లిఫ్ట్ మీద కూచునే చూశాను బావా. దిగలేదు… 

వద్దు, ఏం పరవాలేదనకు. ఆ మాట మాత్రం అనకు.

…ఏమన్నావు?… వేడిగా ఉందా?

బావా, కోటు తీయకు. విను. వేడి కాదది. చలి ఎక్కువైతే అలా అనిపిస్తుంది. ఈ గదుల గురించి నాకు నేర్పింది నువ్వే… గుండీలు వదిలెయ్. చేతులు చంకల్లో పెట్టు… పెట్టావా?… అబద్ధం చెప్పకు, గుడ్డ చప్పుడు వినిపిస్తోంది… బావా, అక్క మీద ఒట్టు, తీయకు.

…ఆఁ… ఆఁ… అలా ఉండు.

అన్నా, ఎంతవరకు వచ్చింది? కొంచెం తొందరగా… కోటు తీసేస్తానంటున్నాడు… నీతో కాదు బావా, ఇక్కడ ఫైరాయనతో. సగం గోడ తెగిందంట.

మళ్ళీ చెప్పు, హార్బర్‌వి ఎన్ని కప్పులు?… మూడా?… నాలుగు కదా. ఇందాక నువ్వే అన్నావు. నాలుగోది గెలిచిన రోజు ఒంటికాలి మీద గంతులేస్తుంటే అక్క తలుపులు మూసింది, వీధిలోవాళ్ళు చూస్తారని… గుర్తులేదా?… అదేంటి బావా, నీ పెళ్ళిరోజు మర్చిపోయావు గానీ అది మర్చిపోలేదు కదా ఎప్పుడూ…

కొంచెం గట్టిగా అను. వినపడలేదు… ఏ టీమ్?

…మైన్సే గొప్పదా?

వద్దు బావా. ఒప్పుకోకు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు నువ్వు. జ్వరమొచ్చినప్పుడు కూడా మంచంలోంచి లేచి వాదించావు. ఇవాళ ఒప్పుకోకు. కాదను. నోర్ముయ్‌రా బామ్మర్దీ అను. ఏదో ఒకటి అను…

బావా.

బావా… మూలిగినా చాలు…

వింటున్నావని అనుకుని చెప్తున్నా. మా మైన్స్… మా మైన్స్ కి ఒక్క కప్పే. ఒక్కటి. అది కూడా మీ నిచ్చెనగాడు కాలు బెణికి కూచున్న ఏడాది. తెలుసు నాకు. నీ మొహం ఎర్రబడితే చూడాలని వాదిస్తాను గానీ… బావా…

…

ఏంటది చప్పుడు?… హలో… హలో, ఎవరండీ?… ఫైర్… లోపలికి వచ్చారా? కన్నంలోంచా?… మా బావ… ఊపిరుందా?… సరిగ్గా చూడండి… ఉందా?… ఉందన్నారు కదా? మళ్ళీ ఒకసారి చెప్పండి…

నేను ఆయన బామ్మర్దినండీ. ఇందాకట్నుంచీ నేనే మాట్లాడుతున్నా… కళ్ళు తెరవడంలేదా?… పిలిస్తే పలకడంలేదా… పేరు పెట్టి పిలిస్తే పలకడండీ ఆయన. చెవి దగ్గర నేను చెప్పింది చెప్పండి. మైన్సే గొప్ప టీమ్ అని… అదేనండీ, బాస్కెట్‌బాల్. నవ్వులాట కాదు, చెప్పండి… గట్టిగా. హార్బర్‌వి గాలివాటం కప్పులని కూడా చెప్పండి…

చెప్పారా?

…పెదాలు కదిలాయా… ఏమన్నాడు?… నోటి దగ్గర చెవి పెట్టి వినండి…

కాదన్నాడా?

కాదనే అన్నాడా, నిజంగా?… చాలండి. చాలు. ఇంక నేను… మీరు ఫోన్ పెట్టేయండి, ఆయన్ని పట్టుకోండి. వెనక గోడ దగ్గరికి పరిగెత్తుకొస్తున్నా.