అక్క దిద్దిన పేపర్లు

చెల్లెలు పరీక్షకు వేసుకెళ్లే చొక్కాను అక్క ఇస్త్రీ చేస్తోంది. చెల్లెలు గుమ్మంలో కూర్చుని, కాలేజీ సీటు కోసం ఆరు నెలలుగా ఇంట్లో రాసిన మోడల్ పేపర్లను తిరగేస్తోంది.

"అక్కా, ఈ పన్నెండో ప్రశ్న నేను తప్పు రాశాను కదా. టిక్కు కొట్టావేంటి?"

"నిద్రమత్తులో దిద్ది ఉంటానే. ఇప్పుడెందుకవి, మూసెయ్."

"పదిహేనోదీ తప్పే. ఇరవయ్యోదీ తప్పే. కుంభకర్ణుడు కూడా ఇన్నిసార్లు తూగడు."

అక్క ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టింది.

"మొదటి పేపర్లో నీకు నలభై వచ్చాయి. రెండ్రోజులు ముద్ద ముట్టలేదు నువ్వు, ఇక చదవనన్నావు. రెండోదానికి ఓ పది కలిపాను. నీ మొహం వెలిగింది. ఆ తర్వాత తగ్గించడానికి నాకు చెయ్యి రాలేదు."

"నువ్వు పూర్తి మార్కులు వేశావనేగా కాంతి పాఠం మళ్లీ చదవకుండా వదిలేశాను."

"తప్పయిపోయిందే."

"నాకు ఏది వచ్చో, ఏది రాదో ఇప్పుడు నాకే తెలీదక్కా. ఇంకో గంటలో పరీక్ష."

"మొన్నటి పేపర్లో ఒక్క మార్కూ కలపలేదు. నూటికి డెబ్బై రెండు. అవి నువ్వు తెచ్చుకున్నవే. ఒట్టు."

"మొన్నటిదాకా కూడా నీ మాటే నమ్మాను."

"పోనీ, నన్ను నమ్మకు. ఇదిగో, నువ్వే చూసుకో."

అక్క ఆ పేపరు తీసి ముందుకు చాపింది. చెల్లెలు అందుకోలేదు. ఇంకా వేడి ఆరని చొక్కా తీసుకుని లోపలికెళ్లి వేసుకొచ్చింది. బల్ల మీది హాల్ టికెట్ తీసుకుంది. అక్క చాపిన చెయ్యి పక్కనుంచే గుమ్మం దాటి వెళ్లిపోయింది.