సోమక్క పాటకు అండగా నిలిచిన రాజ్యశ్రీ గారు

శ్రీమతి రాజ్యశ్రీ గారు 1993 ఆగస్టు రెండవ తేదీన, బస్తర్ ఇంకా మధ్యప్రదేశ్‌లో అవిభక్త జిల్లాగా ఉన్న కాలంలో, జగదల్‌పూర్ న్యాయస్థానంలో అనువాదకురాలిగా ఉద్యోగంలో చేరారు. కిరందుల్ గని కార్మికుని కుమార్తె కావడం వల్ల ఇంట తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ, ఇరుగుపొరుగున గోండీ ఆమెకు సహజంగానే అబ్బాయి. సాక్షి పలికిన మాటలో సగం అనువాదంలో జారిపోవడం, న్యాయం ఆ జారిన సగంలోనే చిక్కుకుని ఉండిపోవడం చూసి సహించలేక, ఉద్యోగం చేస్తూనే న్యాయశాస్త్ర పట్టా సంపాదించారు. దంతెవాడ ప్రత్యేక జిల్లా అయ్యాక ఇక్కడి న్యాయ సహాయ కార్యాలయానికి బదిలీపై వచ్చి, అంచెలంచెలుగా న్యాయ సహాయాధికారి హోదాకు ఎదిగి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

ఈ వీడ్కోలు సంచికలోని తక్కిన వ్యాసాలన్నీ హిందీలో ఉన్నాయి. ఇదొక్కటి తెలుగులో ఉండాలని పట్టుబట్టినవారు ఆమె మాతృమూర్తి తాయారమ్మ గారు. కూతురిని గురించి రాసింది ఇంకొకరు చదివి వినిపిస్తే తాను వినరట, స్వయంగా చదువుకుంటారట.

పూర్వం ఒకసారి మేధో సంపత్తి హక్కుల శిక్షణకు రాయ్‌పూర్ వెళ్ళమన్నప్పుడు రాజ్యశ్రీ గారు అయిష్టంగానే బయలుదేరారు. భూమి తగాదాలు, అటవీ కేసులు బల్ల నిండా పేరుకుని ఉండగా పేటెంట్లూ ట్రేడ్‌మార్కులూ మనకెందుకని అడిగారు. తిరిగి వచ్చిన తరువాత మాత్రం సంతల్లో, పంచాయతీ అరుగుల మీద కూర్చుని ఆ విషయమే విడమరచి చెప్పసాగారు. కొత్తగా కనిపెట్టిన పరికరానికి పేటెంటు ఉంటుంది, సరుకు మీది గుర్తుకు ట్రేడ్‌మార్కు ఉంటుంది, ఒక ప్రాంతం పేరుతోనే వన్నెకెక్కిన వస్తువుకు భౌగోళిక గుర్తింపు ఉంటుంది, కట్టిన పాటకూ గీసిన బొమ్మకూ కాపీరైట్ ఉంటుంది. పొలానికి గట్టు ఉన్నట్టే మనిషి బుద్ధిలోంచి పుట్టినదానికీ చట్టం గట్టు వేసిందని, ఆ గట్టు ఎక్కడుందో తెలియనివాడి పొలాన్నే పక్కవాడు దర్జాగా దున్నుకుంటాడని ఆమె హెచ్చరించేవారు. అలా దున్నుకున్న ఘనుల్లో ఒకరి కథ చెప్పకుండా ఈ అభినందన పూర్తికాదు.

మూడేళ్ళ కిందట సుక్మా వైపున్న ఎర్రబోరు నుంచి సోమక్క అనే వితంతువు, అంగన్‌వాడీలో పనిచేసే తన కుమార్తె సునీతను వెంటబెట్టుకుని మా కార్యాలయానికి వచ్చింది. ఇప్పపూలు ఏరుతూ తల్లి పాడిన పాటను సునీత ఫోన్లో చిత్రీకరించి నలుగురూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఆ సైటువాళ్ళు వీడియోను తొలగించారు. పరుల హక్కుకు భంగం కలిగించారని, మళ్ళీ చేస్తే ఖాతా మూసివేస్తామని ఇంగ్లిషులో తాఖీదు పంపారు.

"మా అమ్మ దొంగతనం చేసిందంటున్నరు మేడం," అంది సునీత.

"నేనేం దొంగిలించిన? పాట నాదే గద," అంది సోమక్క. "గదేందో జర అడగమ్మా."

రాజ్యశ్రీ గారు ఇద్దరినీ కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఆరా తీశారు. అంతకుముందు ఏడాది పట్నం నుంచి ఒక సంగీత దర్శకుడు ఎర్రబోరు వచ్చాడు. సోమక్క ఇంట అన్నం తిన్నాడు, పాటను రికార్డు చేసుకున్నాడు, పదిమందికీ వినిపిస్తానని చెప్పి వెళ్ళాడు. వినిపించిన మాట నిజమే. సోమక్క గొంతులోంచి కొన్ని చరణాలు కత్తిరించి, వాటి చుట్టూ చెవులు పగిలే వాద్యాలు పేర్చి, సాహిత్యమూ సంగీతమూ తనవేనని పేరు వేసుకుని, ఒక పెద్ద కంపెనీ ద్వారా విడుదల చేశాడు. అది పెళ్ళి ఊరేగింపుల్లో మారుమోగింది. ఆపైన కంపెనీవారి యంత్రం సునీత వీడియోలో అదే గొంతును గుర్తుపట్టి, గొంతుగల మనిషినే దొంగగా జమకట్టింది. అన్నం పెట్టిన ఇంటికే కన్నం వేసి, ఇంటివాళ్ళ మీదే ఫిర్యాదు చేసిన ఈ నిర్వాకాన్ని వ్యాపారమనే మర్యాదగల మాటతో పిలవడానికి రాజ్యశ్రీ గారు ఏనాడూ ఒప్పుకోలేదు.

పాట వరస తాతముత్తాతల నాటిది. చరణాలు మాత్రం సోమక్క స్వయంగా కట్టుకున్నవి. ఆమె భర్త అప్పయ్య వానాకాలంలో శబరి నది దాటబోయి కొట్టుకుపోయాడు. మరుసటి వేసవిలో అడవికి ఒంటరిగా వెళ్ళినప్పుడు ఆమె నోట వచ్చిన మాటలవి:

శబరి దాటిపోతివి అప్పయ్యా,
నీ గంప నిండలేదు అప్పయ్యా,
నిండని గంప నేనే మోస్తి అప్పయ్యా.

ఈ మాటలకే పెళ్ళి బృందాలు చిందులు వేస్తూ వచ్చాయి.

ఆ రోజుల్లోనే జరిగిన ఒక సంగతి మా కార్యాలయంలో ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటాం. సాక్షుల వాంగ్మూలాల కోసం రాజ్యశ్రీ గారు సుక్మా వైపు జీపులో వెళ్తుండగా డ్రైవరు హుషారుగా ఆ పాటే పెట్టాడు. ఆపమన్నారు. "గానా బాగానే ఉంది కదా మేడం," అన్నాడతను. ఆమె జీపు ఆపించి, నడిరోడ్డు మీద ఎండలో దిగిపోయి, బస్సు కోసం నిలబడ్డారు. డ్రైవరు కాస్త దూరం పోయి వెనక్కి వచ్చాడు. విషయమంతా విని ఆమెను ఎక్కించుకున్నాడు. ఎర్రబోరు చేరేదాకా జీపులో ఏ పాటా మోగలేదు.

రాజ్యశ్రీ గారి నోటీసులకు కంపెనీ చాలాకాలం ఉలకలేదు, పలకలేదు. కోర్టుకు వెళ్తామన్నాక గిరీష్ అనే న్యాయవాదిని చర్చలకు పంపింది. ఎంతో కొంత ఇప్పించి ముగిద్దామన్న ధోరణిలో ఆయన వచ్చారు.

"అది జానపదం మేడమ్. జానపదానికి యజమాని ఎవరూ ఉండరు. మావాళ్ళు దానికి కొత్త రూపం ఇచ్చారు," అన్నారు.

"యజమాని లేకపోతే సునీత వీడియోను ఏ హక్కుతో తీయించారు?" అని అడిగారు రాజ్యశ్రీ గారు.

"మా రికార్డింగును పోలి ఉందని యంత్రం పట్టుకుంది."

"పోలి ఉండటమేమిటండీ, మీ రికార్డింగులో ఉన్నదే ఈవిడ గొంతు. ఈవిడ అడిగితే అది ఎవరిదీ కాదు. ఈవిడే పాడితే మీది. రెండిట్లో ఒకటి ఎంచుకోండి. ప్రదర్శకురాలి అనుమతి లేకుండా గొంతును అమ్ముకోకూడదని చట్టంలో ఉంది. పాట కట్టిన క్షణం నుంచే కట్టినవారికి హక్కు పుడుతుందని, దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని కూడా ఉంది. మీకు తెలియనివి కావు."

గిరీష్ మాట మార్చారు. "చరణాలు ఈమె కట్టారనడానికి ఆధారం ఏముంది? అప్పయ్య అంటే పెద్దవాళ్ళను పిలిచే మామూలు మాటే కదా."

అప్పుడు సోమక్క కల్పించుకుంది.

"మామూలు మాటేంది సారూ. గది నా పెనిమిటి పేరు. బతికున్నన్నాళ్ళు ఆయన పేరు నోట తియ్యలే, మా దిక్కు తప్పని. పీనుగ గూడ దొరకలే. పోయినంక పాటల పిలుసుకున్న. దానికి మీరు ఎగురుతుండ్రు."

గిరీష్ కాగితాలు మడిచి పెట్టుకున్నారు. ఆపైన ఆయన ఆధారాల ఊసు ఎత్తలేదు.

అయినా కంపెనీ మరో ఏడాదికి పైగా సాగదీసింది. కోర్టు మెట్లు ఎక్కించి, వాయిదాలు అడిగి, పల్లెటూరి మనిషి విసిగి వదిలేస్తుందని చూసింది. సోమక్క వదల్లేదు, రాజ్యశ్రీ గారు వదలనివ్వలేదు. రచయిత గౌరవానికి భంగం కలిగేలా రచనను వక్రీకరించరాదన్న నైతిక హక్కును ఆమె పట్టుదలగా వాదించారు. చివరకు రాజీ కుదిరింది. సునీత వీడియో తిరిగి వచ్చింది. చరణాల రచయిత్రిగా సోమక్క పేరు నమోదైంది. చిందుల పాటలోంచి ఆమె గొంతునూ, అప్పయ్య పేరునూ తొలగించారు.

కార్యాలయంలో మేము మిఠాయి పంచుకుంటే రాజ్యశ్రీ గారు ముట్టలేదు. వరస ఇప్పటికీ ఆ దర్శకుడి పేరు మీదే ఉంది. చట్టానికి ఒక్కడు కట్టిన పాట కనబడుతుంది, ఊరంతా తరతరాలుగా కట్టిన పాట కనబడదు. "ఊరు మొత్తం తల్లి అయితే, బిడ్డను అనాథ అంటారా?" అని ఆవేళ ఆమె అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు పెద్ద చదువులు చదివి శాసనాలు రాసేవారి దగ్గర ఉండాలి.

వీడ్కోలు సభలో సోమక్క చేత ఆ పాట పాడించాలని మేము ఉత్సాహపడి, కార్యక్రమంలో చేర్చేశాం. రాజ్యశ్రీ గారు అది చూసి, "ఆమెను అడిగారా?" అన్నారు. అడగలేదు. సిగ్గుపడి ఫోను చేశాం.

"నేను పాడ," అంది సోమక్క. "గది అడివిల పాడేది. రాజ్యశ్రీ అమ్మను సూడనీకి మాత్రం వస్త."

ఆ అంశాన్ని తొలగించాం. సోమక్క ముందు వరుసలో, తాయారమ్మ గారి పక్కన కూర్చుంటుంది.

విరమణానంతరం రాజ్యశ్రీ గారు కిరందుల్‌లో తల్లిగారి వద్ద ఉంటూ, పామేడు వైపు సంతల్లో ఉచితంగా న్యాయసలహా చెప్పాలని సంకల్పించారు. ఆ గతుకుల దారిని ఓర్చుకునే నడుమును, సన్న అక్షరాలను వదలని కంటిచూపును, నిండైన ఆరోగ్యాన్ని భగవంతుడు వారికి ప్రసాదించుగాక. ఊరి పాట ఊరిదేనని చట్టం ఒప్పుకునే రోజు ఆలస్యంగానైనా వస్తుందని మా నమ్మకం. ఆ రోజును కళ్ళారా చూసి, ఆ తరువాత కూడా చాలా ఏళ్ళు సుఖంగా ఉండేటంత దీర్ఘాయువు వారికి కలగాలని సహోద్యోగులందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాం.