అంతా శుభ్రం చేసెయ్యమన్నాను

కంప్యూటర్ శుభ్రం చెయ్యమంటే దుమ్ము దులపమని తమ్ముడూ. ఫ్యాన్‌లో పేరుకున్న మట్టి, మూలల్లో పట్టిన బూజు, అవీ. అంతేగానీ లోపలున్న ఊరు ఊరంతా ఊడ్చి పారెయ్యమని కాదు.

అవును, నువ్వు అడిగావు, కాదనను. "లోపల దాచుకోవాల్సినవి ఏమన్నా ఉన్నాయాండీ" అన్నావు. నేనేమో "మా ఇంట్లో దాచుకునేంత ఏముందిలే" అన్నాను. పైగా నవ్వాను కూడా, ఇదిగో ఈ స్టూలు మీదే కూర్చుని. ఏదో సరదాకి అడిగావనుకున్నాను మరి.

నాకేం తెలుసు చెప్పు, మీ భాషలో శుభ్రం అంటే తుడిచిపెట్టెయ్యడమని? నేను నీళ్ళ పంపుల గోడౌన్లో స్టోర్ కీపర్ని. మా దగ్గర శుభ్రం అంటే చీపురు పట్టుకోవడమే. "ఏమీ మిగల్చకు, కొత్తదానిలా ఉండాలి" అని కూడా అన్నాను చూడు, ఆ నోరు పడిపోను.

మళ్ళీ ఒక్కసారి వెతకవూ? సరే, సరే, వెతికావు. నా కళ్ళముందే వెతికావు. ముక్కలు ముక్కలుగా ఏవో వచ్చాయి, తెరుచుకోవంటున్నావు. దాని మీద కొత్తవన్నీ ఎక్కించేశావు కదా, ఇంకెక్కడ ఉంటాయి. నీ తప్పని నేను అనడం లేదు. ఎవరో ఒకర్ని తిడితే కాస్త తేలిగ్గా ఉంటుందని అంటున్నానంతే.

ఆ ఊరు మా ఆవిడ ఆడే ఆటలోది. ఆట అంటే నువ్వనుకునే కాల్చుకోవడాలూ పొడుచుకోవడాలూ కాదు. కట్టుకునే ఆట. ఖాళీ నేల ఇస్తారు, రాయి తవ్వుకోవాలి, చెట్టు కొట్టుకోవాలి, ఇల్లు లేపుకోవాలి. మా ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. పొద్దున్నుంచీ సూదులు గుచ్చడమే. తనని చూడగానే మొహం పక్కకి తిప్పుకునే జనాన్ని చూసి చూసి ఇంటికొచ్చి, దీని ముందు కూర్చునేది.

ఊరు మొత్తం ఈ డబ్బాలోనే ఉండేది. ఇది ఆన్ చేసి ఉంటేనే మిగతావాళ్ళకి దారి. తను ఇంటికొచ్చి దీపం పెట్టినట్టు ఈ బటన్ నొక్కితే, ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి చేరేవాళ్ళు. మొహాలు తెలీవు, అసలు పేర్లు తెలీవు, అన్నీ ఆటలో పెట్టుకున్న పేర్లే. ఒకాయన గొడుగు, ఎండా వానా ఏదున్నా ఇంటికి చూరు వెయ్యందే ఒప్పుకోడు. ఇంకొకావిడ ఇస్త్రీ, ఎక్కడ ఎత్తుపల్లాలున్నా చదును చేసేస్తుంది. మా ఆవిడ కిటికీ. ఎవరి గోడ కనపడినా కిటికీ పెట్టేసేది. నాలుగోవాడు నత్త.

వాళ్ళలో ఎవరి పుట్టినరోజొచ్చినా మిగతావాళ్ళు కలిసి ఒక గది కట్టాలి. చాటుగా, చుట్టూ మట్టిగోడ లేపి, లోపల ఏముందో కనపడకుండా. ఆ రోజు అందరూ నిలబడి గోడ పడగొడతారు. అదీ వాళ్ళ పండగ. మొన్న గొడుగు పుట్టినరోజుకి మా ఆవిడ ఎంత హడావిడి పడిందనుకున్నావు, కూర మాడిపోయినా లేవలేదు.

ఇవాళ తన పుట్టినరోజు.

అందుకేగా ఇక్కడికి తెచ్చాను. ఆడుతూ ఆడుతూ ఊరికే ఆగిపోతోంది, బుస్సుమని చప్పుడు చేస్తోంది. తను డ్యూటీకి వెళ్ళగానే చంకలో పెట్టుకుని నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాను. సాయంత్రం తనొచ్చేసరికి బాగై ఉంటే ఎంత సంతోషిస్తుందో అనుకున్నాను. మా ఆయన నా ఆట గురించి కూడా ఆలోచించాడని అనుకోవాలని నా ఆశ.

కొత్త ఊరు కట్టుకోవచ్చు కదా అంటున్నావా? నువ్వే చెప్పావుగా, ఊరితోపాటు, అందులోకి రావడానికి కొట్టే తలుపు నంబరు కూడా పోయిందని. కొత్తది పెడితే కొత్త నంబరు. అది వాళ్ళకెలా చెప్పడం? ఫోన్ నంబర్లు లేవు, చిరునామాలు లేవు. మాట్లాడుకున్నదంతా లోపలే. వాళ్ళు ఈ సాయంత్రం వచ్చి తలుపు కొడతారు, తెరుచుకోదు. కిటికీకి ఏమైందో అనుకుంటారు. ఎన్నాళ్ళు కొడతారు చెప్పు?

గది కట్టడం అయిపోయింది కూడా. వంటిల్లు. తనెప్పుడో ఒక మాటంది, మా వంటింటి కిటికీ తీస్తే పక్కింటి గోడ తప్ప ఏమీ కనపడదని. అందుకని ఈ వంటిల్లు ఒడ్డున కట్టారు, కిటికీ తీస్తే నీళ్ళు. పొయ్యి పక్కన కూర్చోడానికి చిన్న అరుగు. తను చూడనేలేదు.

నాకెలా తెలుసంటావా?

కట్టింది నేనే కాబట్టి. నత్త నేనే తమ్ముడూ.

నవ్వు, పర్లేదు. నాకూ మొదట్లో నవ్వే వచ్చింది. తను ఆ తెర ముందు కూర్చుని పకపకా నవ్వుతుంటే, ఎవడ్రా మా ఆవిణ్ణి ఇంతలా నవ్విస్తున్నవాడని అనుమానం పుట్టింది. నిజం చెప్పాలంటే కడుపుమంట. తలుపు నంబరు కాగితం మీద రాసుకుని గోడౌన్ కంప్యూటర్లోంచి దూరాను. దూరితే ఏముంది, ఒకాయన చూరు వేస్తున్నాడు, ఒకావిడ నేల చదును చేస్తోంది. నాకా బటన్లు చేత కాక గోడకి గుద్దుకుంటూ నడుస్తుంటే అందరూ చేరి నత్త అని పేరు పెట్టారు. పెట్టింది మా ఆవిడే. పెట్టి, చెయ్యి పట్టుకున్నట్టే దగ్గరుండి నడవడం నేర్పింది.

ఆ రోజే చెప్పేసి ఉండాల్సింది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. తను నత్తతో మాట్లాడటం మొదలుపెట్టింది. అందరూ వెళ్ళిపోయాక మేమిద్దరమే మిగిలేవాళ్ళం, రాళ్ళు పేర్చుకుంటూ. ల్యాబులో ఎవరేమన్నారో చెప్పేది. చిన్నప్పుడు బొమ్మలు గీసేదాన్నని చెప్పింది. అది నాకు తెలీదు. కాపురం చేస్తున్నవాణ్ణి, నాకు తెలీదు.

నా గురించి కూడా చెప్పింది. "మా ఆయన మంచివాడే నత్తగారూ, కానీ ఇంటికి రాడు. ఎప్పుడూ గోడౌన్లో పనే" అంది. నేను ఆ గోడౌన్లోనే, ఆ కుర్చీలోనే కూర్చుని "పాపం పని ఎక్కువేమోనండీ" అని టైపు కొట్టాను. "వచ్చినా మాట్లాడడు. అన్నం పెట్టాక టీవీకేసి చూస్తాడు" అంది. అదీ నిజమే. నత్తగా తనతో బోలెడు మాట్లాడేసి ఇంటికెళ్ళేవాణ్ణి, ఇంకేం మిగిలి ఉంటుంది నా దగ్గర? నత్తకి చెప్పిందే తను ఇంట్లో మళ్ళీ చెబుతుంటే ఏం తెలీనట్టు మొహం పెట్టాలంటే భయం. అందుకని టీవీకేసి చూసేవాణ్ణి.

ఇంట్లో చెప్పెయ్యమంటున్నావు నువ్వు. ఈ సాయంత్రమే, పుట్టినరోజు కానుకగా. చెప్పడం నీకు తేలిక తమ్ముడూ.

పోనీ చెప్పను అనుకో. కొత్త ఊరు పెట్టిస్తాను. ఆ తలుపు నంబరు తెలిసేది తనకీ నాకే. నత్త రాకపోతే తను రోజూ ఎదురుచూస్తుంది, నేను పక్కనే కూర్చుని చూస్తూ ఉండాలి. నత్త వస్తే ఎలా వచ్చాడని అడగదా? చిన్నపిల్లకి కూడా తెలిసిపోతుంది. ఎటు తిరిగినా గోడే.

ఇందాక ల్యాబు నుంచి ఫోన్ చేసింది. "ఏమండీ, ఇవాళ కాస్త తొందరగా వస్తారా, ఆట మొదలయ్యేసరికి మీరు ఉంటే బాగుంటుంది, మా నత్తగారు ఏదో కట్టారట, మీకూ చూపిస్తాను" అంది. నన్ను ఎప్పుడూ పిలవలేదు తను. ఇదే మొదటిసారి. వస్తానన్నాను. ఈ స్టూలు మీద కూర్చునే అన్నాను, నువ్వు విన్నావుగా.

మూత బిగించెయ్యి. తీసుకెళ్తాను. కొత్తదానిలాగే ఉంది, నేనడిగినట్టే చేశావు.

చెబితే కోపమొస్తుంది, రావాలి కూడా. తిడుతుంది, తిట్టనీ. నా భయం దానికి కాదు. నా మీద కోపమొచ్చిన రోజున తను నత్తతో చెప్పుకునేది. ఇవాళ ఎవరితో చెప్పుకుంటుంది?