డైనింగ్ టేబుల్ మీద నీటి విమానం

ఏడాదిన్నరగా ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఒళ్ళో కంచాలు పెట్టుకుని తింటున్నారు. డైనింగ్ టేబుల్ మీద విమానం ఉంది మరి.

అందరూ మేస్త్రీ అని పిలిచే ఆ మొగుడిది కళ్ళద్దాలు బాగుచేసే కొట్టు. విమానం మాత్రం ఇంట్లోనే కట్టాడు. అది లైబ్రరీకి వెళ్ళిపోతే టేబుల్ తన చేతికొస్తుందని ఆయన భార్య ఆశ. లైబ్రరీ హాల్లో అద్దాల బీరువా ఒకటి ఖాళీ అయింది. చేత్తో చేసిన వస్తువేదైనా ఉంటే అందులో పెడతామని గోడకి కాగితం అంటించారు. మేస్త్రీ దరఖాస్తు పెట్టాడు. ఖాయం చేయడానికి ఈ ఆదివారం సాయంత్రం లైబ్రేరియన్ స్వయంగా వచ్చింది. టేబుల్ చుట్టూ రెండుసార్లు తిరిగింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. వరండాలోకొచ్చి కూర్చుని, ఒళ్ళో ఫారం పరుచుకుని, కలం మూత తీసింది.

"ఎలా చేశారో చెప్పండి" అంది.

మేస్త్రీ భార్య భయపడింది దీనికే. ఆయన చెయ్యి బంగారం, నోటితోనే వచ్చింది చిక్కంతా. పైగా ఆ నోటిని ఎగదొయ్యడానికి పక్కింటి దర్జీ, తన సొంత తమ్ముడూ టీ గ్లాసులతో అప్పటికే అరుగు మీద సర్దుకుని కూర్చున్నారు.

"టూకీగా చెప్పండి" అందామె మొగుడితో.

"టూకీగానే చెప్తా" అని మేస్త్రీ కాలు మీద కాలేసుకున్నాడు. "ఏం లేదమ్మా, మీ లైబ్రరీలోనే, అట్ట ఊడిపోయిన పాత పత్రికలో చూశాను. నీళ్ళ మీద దిగే విమానం. చక్రాలుండవు, కింద రెండు పడవలుంటాయి. ఆ కంపెనీ ఇలాంటివి ఆరంటే ఆరే కట్టి మూతబడిపోయిందట. నమూనా కొందామంటే ఎక్కడా దొరకదు, కొలతల బొమ్మ లేదు, ఉన్నదల్లా అగ్గిపెట్టంత ఫొటో ఒకటి. సరే, ఆ ఫొటోలో పడవ మీద ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆయన్ని అయిదున్నర అడుగులనుకున్నాను. ఆయన్ని పట్టుకుని రెక్క కొలిచాను, తోక కొలిచాను, మొత్తం ఇరవై నాలుగో వంతుకి దించాను."

"ఆయన పొట్టివాడైతేనో?" అన్నాడు దర్జీ.

"పొట్టివాడైతే పడవ మీద అంత ధీమాగా నిలబడడు. మధ్యలో మాట్లాడకు. ముక్కు మీద తిరిగే పంకా పాత కళ్ళద్దాల కాడతో చెక్కాను. కిటికీ అద్దాలు పగిలిన కళ్ళద్దాలవి. రెక్కల్లో బద్దలు ఐస్‌క్రీం పుల్లలు, నూట పన్నెండు."

లైబ్రేరియన్ రాసుకుంది. ఇంతవరకూ ప్రతి మాటా నిజమే. ఇక్కడ ఆపితే చాలునని మేస్త్రీ భార్య బిస్కెట్ల పళ్ళెం ఆయన ముందుకి తోసింది, నోరు నిండితే ఆగుతాడని. ఆయన పళ్ళెం తమ్ముడి వైపు జరిపేశాడు. కలం కదలడం చూశాడు కదా, ఇంకేం ఆగుతాడు?

"ఆ రెక్కని గరుకు కాగితంతో ఎంత పల్చగా అరగదీశానంటే, ఇవతల నుంచి చూస్తే అవతల దోమ మొహం తిప్పుకోవడం కనిపించేది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నీళ్ళ విమానం అన్నాక నీళ్ళలో వెయ్యకపోతే ఎట్లా? బకెట్లో వేశాను. తేలింది. తొట్టిలో వేశాను. తేలడమేమిటి, దానంతటదే గోడదాకా వెళ్ళి వెనక్కి తిరిగొచ్చింది."

"దానంతటదే?" అన్నాడు తమ్ముడు.

"గడ్డం గీసుకునే మిషన్ మోటారు బిగించాన్లే. అది వేరే కథ. చెరువుకి తీసుకెళ్ళాం."

"వెళ్ళామా? ఎవరెవరు బావగారూ?"

"నేనూ, విమానమూ. వదిలాను. చెరువు మీద ఒక గీత గీసినట్టు వెళ్ళి, లేచింది! మూడు చుట్లు కొట్టింది. కొంగలు దానికి దారిచ్చి వెనకాల వరస కట్టాయి. నాలుగో చుట్టుకి పైనుంచి వెళ్ళే పెద్ద విమానం ఒకటి కాస్త కిందికి దిగి చూసి, రెక్క వంచి దండం పెట్టి పోయింది."

లైబ్రేరియన్ తలెత్తలేదు. కలం గబగబా నడుస్తోంది. మేస్త్రీ కుర్చీ అంచుకి జరిగాడు. ఏడాదిన్నరలో ఆయన చెప్పింది రాసుకున్న మనిషి ఈవిడొక్కతే.

"ఏమండీ, టీ చల్లారిపోతోంది" అంది భార్య.

"చల్లారనీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా వీధి పిల్లి ఉంది కదా, బూడిద రంగుది, అది వెనకే వచ్చి ఎప్పుడెక్కిందో రెక్కల మధ్య ఎక్కి కూర్చుంది. బరువుకి మునుగుతుందనుకున్నాను. అబ్బే! పిల్లిని అవతలి గట్టున దించి, ఖాళీగా తిరిగొచ్చింది."

"పిల్లి టికెట్ తీసుకుందా?" అన్నాడు దర్జీ.

"నవ్వు, నవ్వు. ఆ కంపెనీ యజమాని మనవడికి సంగతి తెలిసి ఉత్తరం రాశాడు. 'అయ్యా, మా తాతగారు కట్టినవి ఇంత బాగా ఎగరలేదు, మీరొచ్చి తప్పులెక్కడున్నాయో చెప్పాలి' అని. నేనే వెళ్ళలేదు, కొట్టు ఎవరు చూస్తారు? ఇంతకీ అసలు సంగతి చెప్పనేలేదు. మొన్న వానాకాలం చెరువు నిండి అవతల చిక్కుకుపోయాను. చీకటి పడేలా ఉంది. ఏం చెయ్యను? ఒక పడవ మీద ఒక కాలు, రెండో పడవ మీద రెండో కాలు..."

"మూరెడు బొమ్మ మీద డెబ్బై రెండు కిలోల మనిషివి" అన్నాడు దర్జీ. "అబద్ధమైనా అతికినట్టుండాలి మేస్త్రీ."

"బరువు కాదయ్యా, నిలబడే తీరు. ఫొటోలో ఆయన లాగే నిలబడ్డాను. పాదం తడవకుండా ఇవతల దిగాను!"

తమ్ముడు చప్పట్లు కొట్టాడు. లైబ్రేరియన్ చివరి వాక్యం కింద గీత గీసి, కలం మూత పెట్టేసింది. ఆ చప్పుడుకే మేస్త్రీ భార్యకి అర్థమైపోయింది, టేబుల్ పోయిందని.

"చాలా బాగుందండీ. కానీ తీసుకోలేం" అంది లైబ్రేరియన్.

"అదేంటమ్మా?"

"పుస్తకాల దగ్గర మోటారున్నవి పెట్టకూడదు. నూనె కారుతుంది. నీళ్ళలో నానినవీ పెట్టకూడదు, చెమ్మకి పురుగు పడుతుంది. జంతువులు తిరిగినవైతే అసలే వద్దు. మీరు మూడూ చెప్పారు, నేను మూడూ రాసుకున్నాను." కాగితం ఆయన వైపు తిప్పి చూపించింది.

అరుగు మీద తమ్ముడు టీ గ్లాసు కింద పెట్టేశాడు. దర్జీ కూడా నవ్వలేదు. మేస్త్రీ మొహం, గాలి తీసిన సైకిల్ ట్యూబులా వేలాడింది.

"పిల్లి ఎక్కలేదమ్మా" అన్నాడు చివరికి.

లైబ్రేరియన్ కలం మూత తీసి, పిల్లిని కొట్టేసింది. "మోటారు?"

"లేదు. చేత్తో తిప్పితే పంకా తిరుగుతుంది. అంతే."

"చెరువు?"

"చెరువుకి తీసుకెళ్ళలేదు. దారిలో ఎవరైనా తగిలితే రెక్క విరుగుతుందని."

"తొట్టి? బకెట్?"

ఇది చెప్పడానికి ఆయనకి అన్నిటికంటే ఎక్కువ సేపు పట్టింది. "ఒక్క చుక్క కూడా తగల్లేదు. మొన్న మా ఆవిడ పక్కన గిన్నె కడిగితే టేబుల్ మొత్తం దుప్పటి కప్పాను."

లైబ్రేరియన్ ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చింది. ఫొటోలో మనిషి, కళ్ళద్దాల కాడ, నూట పన్నెండు పుల్లలు మిగిలాయి. ఫారంలో ఇంకో గడి ఖాళీగా ఉంది.

"పై రెక్కకీ కింది రెక్కకీ మధ్య సన్నటి తీగలున్నాయి కదా, మెరుస్తున్నాయి. అవి దేనివి?"

మేస్త్రీ తల వంచుకున్నాడు. "ఏదో దారం. మామూలు దారమే."

ఆయన ఉన్నదాన్ని తగ్గించి చెప్పడం పెళ్ళైన ఇరవై ఆరేళ్ళలో భార్య వినడం ఇదే మొదటిసారి. ఏడెనిమిది నెలలుగా పొద్దున్నే తన దువ్వెన ఎవరో తుడిచిపెట్టినంత శుభ్రంగా ఉండడం ఆమె చూస్తూనే ఉంది. ఎందుకని అడగలేదు. అడిగితే దానికో కథ చెప్తాడని.

"దారం కాదు" అంది. "నా జుట్టు. అందులోనూ నెరిసినవే ఏరాడు, ఉక్కు తీగల్లా కనపడాలని."

మేస్త్రీ ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు.

"ఇదిగో, మొగుడి గాలి పెళ్ళానికీ సోకింది!" అంటూ తమ్ముడు పగలబడి నవ్వాడు. దర్జీ నవ్వకుండా లేచి లోపలికెళ్ళాడు. టేబుల్ మీదకి వంగి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, ముక్కు తీగలకి ఆనేంత దగ్గరగా చూశాడు. తిరిగొచ్చి గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

"ముప్పై ఏళ్ళుగా దారం మీద బతుకుతున్నానమ్మా. అది దారం కాదు. అక్కయ్య చెప్పినట్టే రాసుకోండి."

లైబ్రేరియన్ రాసుకుంది. కింద సంతకం చేసి, ముద్ర వేసింది. "రేపు పొద్దున్న బీరువా తాళం తీసి ఉంచుతాను" అంది.

మేస్త్రీ వెన్ను మెల్లగా నిటారైంది. గొంతు సవరించుకున్నాడు.

"వెంట్రుకంటే మామూలు వెంట్రుకనుకుంటున్నారా? దాని బలం ఎంతంటే, ఒకసారి..."

"ఏమండీ" అంది భార్య, టేబుల్ తుడిచే గుడ్డ చేతిలోకి తీసుకుంటూ. "విమానం దించాలి, రెండో వైపు మీరు పట్టుకోండి."